ఏ గింజ మేలు? ఎవరికి మేలు?

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మాది ఆర్మూరు. ఊరి పేరు చెప్పగానే ఎవరికైనా పసుపే గుర్తుకొస్తుంది. మాఘ, ఫాల్గుణ మాసాల్లో మీరు మా వైపు బస్సులో వస్తే, ఊరు ఇంకా రాకముందే ఉడికిన పసుపు వాసన కిటికీలోంచి లోపలికి వస్తుంది. కల్లాల్లో ఎక్కడ చూసినా పసుపు కొమ్ములు ఆరబోసి ఉంటాయి. అయితే ఈ రోజు నేను మాట్లాడబోయేది పసుపును గురించి కాదు. ఏ కూరకైనా పసుపు చిటికెడు చాలు. పళ్లెం నిండేది మాత్రం గింజతోనే. మనం రోజూ వండి వడ్డించే బియ్యం, గోధుమలు, జొన్నలు, సజ్జలు, రాగులు, మక్కలు - వీటిలో ఏది మేలు, ఎవరికి మేలు అన్న సంగతి కాసేపు ముచ్చటించుకుందాం.

ఈ మధ్య ఏ పేరంటానికి వెళ్లినా ఇదే మాట. "వదినా, మీ ఇంట్లో అన్నం మానేశారా?" అని ఒకావిడ. "అక్కా, కొర్రలు తింటే షుగరు పూర్తిగా పోతుందట, నిజమేనా?" అని ఇంకొకావిడ. "అన్నం అంత చెడ్డదైతే మన పెద్దవాళ్లు ఎట్లా బతికారమ్మా?" అని మూడో ఆవిడ. వాయనాలు పుచ్చుకోవడం అయిపోయినా ఈ చర్చ మాత్రం తెగదు. ఐక్యరాజ్య సమితి 2023వ సంవత్సరాన్ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అప్పటి నుంచి ఈ మాటలు మరీ ఎక్కువయ్యాయి. ఒకప్పుడు బీదవాళ్ల తిండి అని చిన్నచూపు చూసిన కొర్రలు, సామలు ఇప్పుడు అందమైన ప్యాకెట్లలో బియ్యం కంటే ఎక్కువ ధరకు అమ్ముడుపోతున్నాయి.

నేను డాక్టరును కాను. మీలాగే ఒక గృహిణిని. మా ఇంట్లో జరిగినదీ, దాని వల్ల నేను చదివి, అడిగి తెలుసుకున్నదీ మీకు చెబుతాను.

రెండేళ్ల క్రితం మా వారికి షుగరు బయటపడింది. అన్నం తగ్గించమన్నారు డాక్టరుగారు. ఆ సాయంత్రమే నేను బియ్యం డబ్బాను వెనక్కి జరిపి, జొన్నపిండి డబ్బాను ముందుకు తెచ్చాను. రాత్రిపూట అన్నం బందు, జొన్నరొట్టె మొదలు. మా వారు మొదట ముఖం ముడుచుకున్నా, వేడివేడి రొట్టె మీద కాస్త నెయ్యి, పక్కన వంకాయ కూర చూసేసరికి దారికి వచ్చారు. రెండు రొట్టెలు తినేవారు కాస్తా మూడు, మూడు కాస్తా అయిదు. "జొన్నే కదా, ఏం కాదులే" అని ఆయన అనడం, "జొన్నే కదా" అని నేను వడ్డించడం! మూడు నెలల తర్వాత, మూడు నెలల సగటు చక్కెరను చూపించే ఆ రక్తపరీక్ష చేయిస్తే, అంకె ఉన్న చోటు నుంచి కదలలేదు. డాక్టరుగారు విషయమంతా విని, "అమ్మా, గింజ మార్చావు, లెక్క మార్చలేదు" అన్నారు.

ఆ లెక్క ఏమిటో తెలుసుకోవాలని నాకు పట్టుదల వచ్చింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు 2017లో మన దేశపు ఆహార పదార్థాల పట్టికలను ప్రచురించారు. వాటిని మా అబ్బాయి తెచ్చి ఇస్తే, ఒక మధ్యాహ్నం కాగితం, పెన్సిలు పట్టుకొని కూర్చున్నాను. మీరు కూడా వీలైతే ఈ అంకెలు రాసుకోండి. అన్నీ వంద గ్రాముల పచ్చి గింజకో, పిండికో చెప్పే లెక్కలు.

మొదట శక్తి సంగతి చూద్దాం. పాలిషు పట్టిన బియ్యంలో సుమారు 356 కేలరీలు. సజ్జల్లో 348. జొన్నల్లో, మక్కల్లో 334. రాగుల్లో 321. గోధుమపిండిలో 320. చూశారా? అన్నిటికంటే ఎక్కువకూ, అన్నిటికంటే తక్కువకూ మధ్య తేడా 36 కేలరీలు మాత్రమే. అన్నానికి బదులు రొట్టె తింటే శక్తి సగానికి సగం తగ్గిపోతుందని మనం అనుకుంటాం. అట్లా ఏమీ తగ్గదు. అయిదు రొట్టెలు అయిదు రొట్టెలే!

మరి తేడా ఎక్కడ ఉంది? పీచులో ఉంది. పాలిషు బియ్యంలో పీచు మూడు గ్రాములైనా ఉండదు. జొన్నలు, రాగులు, సజ్జలు, పొట్టుతో ఆడించిన గోధుమపిండి, మక్కలు - వీటిలో పది నుంచి పన్నెండు గ్రాముల దాకా ఉంటుంది. ఈ పీచు వల్ల తిన్నది నిదానంగా అరుగుతుంది, రక్తంలోకి చక్కెర ఒక్కసారిగా పోకుండా మెల్లమెల్లగా చేరుతుంది. కడుపు నిండినట్టు ఉంటుంది. మలబద్ధకం పోతుంది. అందుకని రెండు రొట్టెలతో ఆగగలిగితేనే జొన్న వల్ల లాభం. ఆగకపోతే ఆ లాభాన్ని మన చేతులతో మనమే పోగొట్టుకున్నట్టు.

మాంసకృత్తుల విషయానికి వస్తే బియ్యంలో సుమారు ఎనిమిది గ్రాములు, మక్కల్లో తొమ్మిదికి దగ్గర, జొన్నల్లో పది, గోధుమల్లో పదిన్నర, సజ్జల్లో పదకొండు. రాగుల్లో ఏడే. రాగి బలమైన తిండి అంటారు కదా, మాంసకృత్తుల్లో అది బియ్యం కంటే కూడా ఒక మెట్టు కిందే! కానీ కాల్షియం దగ్గరకు రండి. బియ్యంలో ఏడెనిమిది మిల్లీగ్రాములు. జొన్నల్లో, సజ్జల్లో, గోధుమల్లో ముప్పైకి అటూ ఇటూ. రాగుల్లోనో? 364 మిల్లీగ్రాములు! ఏ గింజా దాని దరిదాపుల్లోకి రాదు. ఇక ఇనుము. బియ్యంలో ముప్పావు మిల్లీగ్రాము కూడా లేదు. మక్కల్లో రెండున్నర, జొన్నల్లో, గోధుమల్లో నాలుగు, రాగుల్లో నాలుగున్నర, సజ్జల్లో ఆరు పైచిలుకు.

ఈ అంకెలన్నీ కూడి చూస్తే నాకు ఒక్కటే అర్థమైంది. అన్ని మార్కులూ తెచ్చుకున్న గింజ ఏదీ లేదు. ఒకటి ఎముకకు మంచిది, ఒకటి రక్తానికి మంచిది, ఒకటి జీర్ణానికి సులువు. ఏ ఒక్క గింజనూ దేవుణ్ణి చేసి కూర్చోబెట్టకూడదు, ఏ గింజనూ దయ్యాన్ని చేసి వెళ్లగొట్టకూడదు.

ఈ మాటే మా అత్తమ్మతో అన్నాను. ఆవిడకు ఎనభై దాటాయి. ఆవిడ నవ్వి, "జొన్న బలం, జొన్న బలం అని ఇప్పుడు అంటున్నరు గని బిడ్డా, అప్పుడు మాకు జొన్న తప్ప ఇంకోటి లేకుండె. గట్కల ఇంత ఉప్పుకారం వేసుకొని తినేది. పప్పు ఎన్నడన్న, పాలు ఎన్నడన్న. వరి బువ్వ అంటే పండుగే" అన్నారు. పాతకాలం తిండి అంతా అమృతమని మనం అనుకుంటాం కదూ! ఆ కాలం తిని బతికిన మనిషి మాట అది.

ఆవిడ మాటకు శాస్త్రంలో కూడా సాక్ష్యం ఉంది. 1960 ప్రాంతాల్లో హైదరాబాదులో డాక్టర్ సి. గోపాలన్ గారూ, వారి సహచరులూ పెల్లాగ్రా అనే జబ్బును పరిశీలించారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, మతి స్థిమితం తప్పడం - ఇవీ దాని లక్షణాలు. నియాసిన్ అనే బి విటమిన్ శరీరానికి అందకపోతే వస్తుంది. మన దక్కను ప్రాంతంలో ఈ జబ్బు ఎవరికి వచ్చింది? పూటపూటకూ జొన్నే తప్ప మరొకటి దొరకని పేదవారికి. జొన్నలోని మాంసకృత్తుల్లో లూసిన్ అనే భాగం ఎక్కువ. అది శరీరం నియాసిన్‌ను వాడుకోవడానికి అడ్డు పడుతున్నదని వారు భావించారు. జొన్నతో పాటు పప్పు, పాలు, ఆకుకూరలు తినేవారికి ఈ బాధ లేదు. ఇతర దేశాల్లో మక్కల మీదనే ఆధారపడి బతికినవారికి కూడా ఇదే జబ్బు వచ్చింది. మెక్సికోవారు మాత్రం తరతరాలుగా మక్కల్ని సున్నపు నీళ్లలో ఉడికించి రుబ్బుకుంటారు. అట్లా చేస్తే అందులో చిక్కుకొని ఉన్న నియాసిన్ విడుదలవుతుంది. ఆ ఇల్లాళ్లకు విటమిన్ల పేర్లు తెలియకపోయినా పద్ధతి తెలిసింది!

ఇక బియ్యం కథ. తీరప్రాంతపు తెలుగు జిల్లాలను వెనుకటి రోజుల్లో ఉత్తర సర్కారులు అనేవారు. అక్కడ బెరిబెరి అనే వ్యాధి పీడించేది. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, నడవలేక, చివరకు గుండెకు ముప్పు వచ్చేది. పచ్చి బియ్యాన్ని మరలో తెల్లగా పాలిషు పట్టించి, దాని మీదే ఆధారపడిన చోట ఇది కనిపించింది. ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాల్లో ఇంతగా లేదు. వడ్లను ఉడకబెట్టి ఆరబెడితే తవుడులో ఉండే బి-1 విటమిన్ కొంత గింజ లోపలికి ఇంకుతుంది, అదీ రహస్యం. అంతకు ముందే జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు పాలిషు బియ్యం తిన్న కోళ్లు కాళ్లు చచ్చుబడి పడిపోవడం, పొట్టు తీయని బియ్యం పెడితే మళ్లీ లేచి తిరగడం చూశాడు. 1929లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో ఈ బెరిబెరిని పరిశోధించడానికే 1918లో కూనూరులో డాక్టర్ మెకారిసన్ ఒక చిన్న కేంద్రాన్ని మొదలుపెట్టారు. అదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. నేను ఇందాక చెప్పిన పట్టికలు అచ్చువేసింది ఆ సంస్థే. బియ్యం తవుడు పారబోయడం వల్ల వచ్చిన జబ్బు దగ్గర మొదలైన సంస్థ అన్నమాట!

అంటే జొన్న ఒక్కటే తిన్నవారికీ జబ్బు వచ్చింది, తెల్ల బియ్యం ఒక్కటే తిన్నవారికీ జబ్బు వచ్చింది. తప్పు గింజది కాదు. ఆ "ఒక్కటే" అన్నదానిది.

మరి మన పళ్లెంలోకి ఈ తెల్ల అన్నం ఇంతగా ఎట్లా వచ్చింది? 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయింది. మాకు దగ్గర్లోనే గోదావరి మీద పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963లో పునాది పడింది. కాలువల కింద వరి పెరిగింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేద ఇంట్లో కూడా రోజూ అన్నం ఉడికింది. అది చిన్న సంగతి కాదు, ఆకలి తెలిసినవారెవరూ దాన్ని తక్కువ చేసి మాట్లాడరు. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషను కార్డు మీద సన్నబియ్యమే ఇస్తున్నారు. కాని అన్నం వచ్చినకొద్దీ ఇంట్లో జొన్న, తైద వెనక్కి పోయాయి. తైదలంటే రాగులే, మా వైపు పేరు అది.

వింత ఏమిటంటే, మా ఆర్మూరు చుట్టుపక్కల యాసంగిలో ఇప్పటికీ ఎర్రజొన్న చేలు కనుచూపు మేర ఉంటాయి. అది మా పళ్లెంలోకి రాదు. ఉత్తరాది రాష్ట్రాల్లో పశువుల మేతకు విత్తనంగా పోతుంది. ఆ పంటకు, పసుపుకు ధర కావాలని 2019 ఫిబ్రవరిలో మా రైతులు జాతీయ రహదారి మీద కూర్చున్నారు. వాకిట్లో జొన్న పండుతుంటే, మేము మాత్రం దుకాణంలో జొన్నపిండి ప్యాకెట్టు కొనుక్కుంటాం! ఇక్కడే ఒక హెచ్చరిక. విత్తనం కోసం శుద్ధి చేసి సంచులకెత్తిన గింజలకు మందు, రంగు పట్టిస్తారు. అవి చవకగా దొరికాయని ఎట్టి పరిస్థితుల్లోనూ తినడానికి వాడవద్దు. మనుషులకే కాదు, కోళ్లకు కూడా వేయవద్దు.

మళ్లీ మా ఇంటి కథకు వస్తాను. లెక్క తెలిశాక మా వారికి రాత్రిపూట రెండు రొట్టెలు, గిన్నెడు పప్పు, గిన్నెడు కూర ఏర్పాటు చేశాను. మధ్యాహ్నం కప్పు కొలతతో అన్నం. మాత్రలు మాత్రం డాక్టరుగారు చెప్పినట్టే. నాలుగు నెలల్లో అంకె దిగడం మొదలైంది. మనవలకు పొద్దున రాగిజావ. అత్తమ్మకు పళ్లు లేవు కనుక మెత్తగా ఉడికిన అన్నం. ఎవరికి ఏది కావాలో అది వండుతున్నానని నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

పోయిన ఎండాకాలం మేడ మీద వడియాలు పెడుతుంటే కళ్లు తిరిగి గోడ పట్టుకొని కూలబడ్డాను. ఎండ దెబ్బ అనుకున్నాం. పరీక్ష చేయిస్తే రక్తం ఎనిమిది ఉందన్నారు. గర్భిణి కాని ఆడమనిషికి పన్నెండుకు తగ్గకూడదు. "ఏం తింటున్నావమ్మా?" అని డాక్టరుగారు అడిగితే నాకు జవాబు రాలేదు. ఏం తింటున్నాను? పొద్దున అందరినీ పంపేదాకా టీ. మధ్యాహ్నం మూడింటికి గిన్నెలో మిగిలిన అన్నం, కాస్త పచ్చడి, చారు. తినగానే మళ్లీ టీ. రాత్రి కూర అయిపోతే మజ్జిగ అన్నం. రొట్టెలు అందరికీ చేసేసరికి నాకంటూ మరొకటి చేసుకొనే ఓపిక ఉండేది కాదు. ఇంట్లో ప్రతివారికీ గింజ ఎంచి పెట్టిన దాన్ని, నా కోసం మాత్రం గింజలన్నిటిలోకీ ఇనుము తక్కువైనదాన్ని, అదీ మిగిలినదాన్ని, పప్పు లేకుండా తింటున్నానన్నమాట!

ఇంటికి వచ్చాక అత్తమ్మ నా పక్కన కూర్చొని, "ఇంటోల్లందరికీ గింజలు మారిస్తివి బిడ్డా. ఆఖరున తినే మనిషిని మాత్రం మార్చకపోతివి" అన్నారు. ఆవిడ కూడా ఒకనాడు ఆఖరున తిన్న కోడలే కదా. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, దిగులు ఉంది.

ఇది నా ఒక్కదాని సంగతి కాదు సుమండీ. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. ఈ ప్రసంగం వింటున్న మనలో సగానికి పైగా అన్నమాట. షుగరు గురించి మాట్లాడుకొనే పేరంటాల్లో రక్తం గురించి ఎవరమూ ఎత్తం. ఎందుకంటే షుగరు మగవారికి వస్తే ఇల్లంతా కదులుతుంది. మనకు నీరసం వస్తే "పనెక్కువైంది" అనుకుంటాం, అంతే.

నాకు డాక్టరుగారు ఇనుము మాత్రలు రాశారు. ఎనిమిది దాకా దిగిన రక్తం తిండితోనే కోలుకోదు, మాత్రలు వేసుకోక తప్పదన్నారు. ఆ పైన తిండి. తినగానే టీ తాగడం మానిపించారు. టీలోని ఒగరు పదార్థం ఇనుమును శరీరానికి పట్టనీయదు. తినడానికీ టీకీ మధ్య గంటసేపైనా ఎడం ఉండాలి. సజ్జల్లో, రాగుల్లో ఇనుము ఉన్నా అదంతా మనకు పట్టదు. గింజలోనే దాన్ని పట్టి ఉంచే పదార్థం ఒకటి ఉంటుంది. నానబెట్టి మొలకెత్తిస్తే, లేదా పిండిని పులియబెడితే ఆ పట్టు సడలుతుంది. భోజనంలో నిమ్మచెక్క పిండుకున్నా, ఒక జామకాయో, ఉసిరికాయో తిన్నా ఇనుము ఎక్కువగా వంటబడుతుంది. మన పెద్దవాళ్లు రాత్రి అంబలి పులియబెట్టి పొద్దున తాగేవారు. అందులో ఎంత అర్థం ఉందో చూడండి.

సరే, ఇక ఏ గింజను ఎట్లా వాడుకోవాలో క్లుప్తంగా చెబుతాను.

బియ్యం సులువుగా అరుగుతుంది. జ్వరపడి లేచినవారికి, విరేచనాలైన పిల్లలకు, పళ్లు లేని పెద్దలకు మెత్తని అన్నం కంటే హాయి ఇంకొకటి లేదు. కాకపోతే మరీ తెల్లగా పాలిషు పట్టించినవి కాకుండా దంపుడు బియ్యమో, ఒక్క పట్టు బియ్యమో తెప్పించుకోండి. అయిదారుసార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తే ఉన్న కాస్త విటమిన్లూ మోరీ పాలవుతాయి. రెండుసార్లు కడిగి, నీళ్లు సరిపెట్టి ఇగిరేలా వండండి.

గోధుమపిండిని జల్లించి పొట్టు పారేయకండి. పీచంతా అందులోనే ఉంది. మైదా సంగతి వేరు, దానితో చేసిన పరోటాలు గోధుమ లెక్కలోకి రావు. కొందరికి గోధుమ అసలు సరిపడదు, అందులోని గ్లూటెన్ పేగులను బాధిస్తుంది. అట్లాంటివారికి జొన్న, సజ్జ, రాగి మంచి ఆసరా.

జొన్నలో ఆ గ్లూటెన్ లేదు కాబట్టే పిండి సాగదు, రొట్టె విరిగిపోతుంది. చాలామంది ఇక్కడే విసుగు చెంది మానేస్తారు. మరిగిన నీళ్లు పోసి కలిపి, గోరువెచ్చగా ఉండగానే బాగా మర్దించి చేయండి, వస్తుంది. అప్పటికీ రాకపోతే జొన్నరవ్వతో ఉప్మా చేసుకోండి. షుగరు ఉన్నవారికి పలచని జావ కంటే రొట్టె, మెత్తని పిండి కంటే రవ్వ నయం. ఎంత మెత్తగా ఉంటే అంత త్వరగా చక్కెర అవుతుంది.

రాగులు ఎదిగే పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు, ఎముకలు బలహీనపడే వయసు వచ్చిన మనవంటివారికి. నానబెట్టి, బట్టలో కట్టి మొలకెత్తించి, ఆరబెట్టి, కొద్దిగా వేయించి పట్టించుకోండి. ఆరు నెలలు దాటిన పసిపిల్లలకు ఆ పిండినే వస్త్రగాలితం పట్టి జావ కాచవచ్చు.

సజ్జల్లో కొవ్వు కాస్త ఎక్కువ. అందుకని పిండి త్వరగా చేదెక్కుతుంది. నెలకు సరిపడా ఒకేసారి ఆడించకుండా, వారానికి సరిపడా ఆడించుకోండి.

మక్కల మాట చెప్పకపోతే మా ఊరివాళ్లు ఊరుకోరు. మా పక్కనే అంకాపూర్ ఉంది. రోడ్డు పక్కన బొగ్గుల మీద కాల్చి ఇచ్చే మక్క కంకులకు పేరు. లేత కంకి ఎప్పుడైనా తినడానికి బాగుంటుంది. ఎండు మక్కల గట్క చేస్తే మాత్రం పక్కన పప్పో, పెరుగో తప్పక ఉండాలి. పెల్లాగ్రా కథ విన్నారు కదా!

కొర్రలు, సామలు అన్నంలాగే వండుకోవచ్చు. వండే ముందు కొన్ని గంటలు నానబెట్టండి. కానీ తెల్లగా మెరిసేటట్టు పాలిషు పట్టినవి కొంటే, బియ్యం దగ్గర చేసిన తప్పే ఎక్కువ డబ్బిచ్చి మళ్లీ చేసినట్టు. కొర్రలు కొనే స్తోమత లేదని ఎవరూ బాధపడనక్కరలేదు. జొన్నలు, రాగులతోనే పని జరుగుతుంది.

ఏ గింజ వండినా పక్కన పప్పు ఉండి తీరాలి. గింజల్లో కొరవడిన మాంసకృత్తుల భాగాన్ని పప్పు పూడుస్తుంది. మూడు పాళ్లు గింజకు ఒక పాలు పప్పు అని గుర్తుపెట్టుకోండి. రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించవద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. మిగిలినది పప్పులు, కూరగాయలు, పాలు, పండ్లు, గుడ్లు, పల్లీలు వంటి వాటి నుంచి రావాలి. పళ్లెం మధ్యలో అన్నం కొండలా పోసి, చుట్టూ చుక్కలు పెట్టినట్టు కూర వేసుకొనే అలవాటు మనది. ముందు ఆ కొండను తగ్గించి, ఆ చోట్లో కూర వేయండి.

ఇంకో రెండు జాగ్రత్తలు. అన్నం తినే ఇంట్లో ఒక్కరోజులో అంతా మార్చేస్తే కడుపుబ్బరం వస్తుంది. మొదట వారానికి రెండు పూటలు, తర్వాత రోజుకు ఒక పూట - అట్లా మెల్లగా మార్చండి. నీళ్లు బాగా తాగండి. షుగరు మాత్రలు, ఇంజక్షను వాడేవారు ఒక్కసారిగా అన్నం తగ్గిస్తే చక్కెర పడిపోవచ్చు. అట్లాగే మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పథ్యం వేరు. వీరు డాక్టరును అడగకుండా ఏదీ మార్చవద్దు. చిరుధాన్యాలు తింటున్నాం కదా అని మందులు మానేయడం మరీ ప్రమాదం.

చివరగా ఒక్క మాట. ఇప్పుడు మా ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి అందరం కలిసి కూర్చుంటున్నాం. రొట్టెలు ముందే చేసి డబ్బాలో పెడుతున్నాను. వేడిగా ఉంటేనే తింటానని మొదట్లో మా వారు అలిగారు. రెండు రోజులు అలిగి మూడో రోజు ఆయనే పళ్లాలు పరిచారు. అత్తమ్మ ఎదురుగా కూర్చొని నా పళ్లెంలోకి తొంగి చూస్తారు, పప్పు వేసుకున్నానా లేదా అని. మొన్నటి పరీక్షలో నా రక్తం పదిన్నర దాకా వచ్చింది. ఇంకా పన్నెండు కావాలి.

కాబట్టి సోదరీమణులారా, ఏ గింజ మేలు అని ఈసారి ఎవరైనా అడిగితే, "ఎవరికి?" అని తిరిగి అడగండి. పిల్లలకా, పెద్దలకా, షుగరు ఉన్నవారికా అని లెక్క వేసేటప్పుడు, ఆ లెక్కలో మీ పళ్లెం కూడా ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఈ నెలలోనే వీలు చూసుకొని రక్తపరీక్ష చేయించుకోండి.